వెనక వరుసలో చేతిరుమాలు

మాస్టారి భార్యకు సంగీత నాటకాలంటే ప్రాణం. అందులోనూ ఒక ఓడరేవు కథను పదకొండుసార్లు చూసింది. చూసివచ్చిన ప్రతిసారీ చెప్పులు విప్పగానే ఒక నోటు పుస్తకంలో రాసుకునేది. మాస్టారు పదకొండుసార్లూ ఆమె పక్క సీట్లోనే ఉన్నారు. పదకొండుసార్లూ మొదటి పాటకే కునుకు పట్టి, చప్పట్లకు లేచారు. ఆవిడ ఏనాడూ లేపలేదు. ఇదంతా టీవీలో అయితే కాళ్ళు చాపుకుని చూడొచ్చు కదా అని ఆయన సణిగేవారు.

"టీవీలో వాళ్ళు చూపించినవాళ్ళనే చూడాలి. ఇక్కడైతే నాక్కావలసినవాళ్ళని చూసుకుంటా" అనేది.

ఆవిడ పోయిన మూడో నెలలో, బీరువా సర్దుతుంటే ఆ పుస్తకం దొరికింది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పటిలాగే మాస్టారు ఒక్క అక్షరం వదలకుండా చదివారు. ప్రతి పేజీ చివరా వీడ్కోలు పాట గురించే ఉంది. ఓడ కదులుతుంది, రేవులో పన్నెండుమంది ఒక్కసారిగా చేతిరుమాళ్ళు ఎత్తుతారు. వెనక వరుసలో పొడుగమ్మాయి మాత్రం తాళానికి ఒక దెబ్బ వెనకబడుతుంది. 'ఇవాళా ఆలస్యమే, నా బంగారుతల్లి' అని ఒకచోట. 'దీనికోసమే వెళ్ళాను' అని ఇంకోచోట.

తన పక్కన కూర్చుని ఆవిడ అన్నిసార్లు చూసి మురిసినదాన్ని ఆయన ఒక్కసారీ చూడలేదు. ఒక్కసారి చూస్తే చాలనిపించింది.

ఆ శనివారం సాయంత్రం నాటకాన్ని టీవీలో వేస్తున్నారని, పుస్తకం సంగతి విన్న మరదలు కబురు చేసింది, తనే వచ్చి పక్కన కూర్చుంది. మాస్టారు కునుకు తీయలేదు. వీడ్కోలు పాట వచ్చింది. తెర నిండా కథానాయిక ముఖం, చెంప మీద కన్నీటి చుక్క. రుమాళ్ళు ఎత్తే వేళకు కెమెరా ఆ చుక్కను వదల్లేదు. మాస్టారు కుర్చీలోంచి లేచి, టీవీ అంచు దగ్గర మెడ వంచి పక్కకు తొంగిచూశారు.

"అటు వంగితే వెనక వరుస కనిపిస్తుందా, బావగారూ?" అంది మరదలు. నవ్వబోయి ఆగిపోయింది. ఆయన ముఖం అలా ఉంది.

ఆఖరి ప్రదర్శన మర్నాడు మధ్యాహ్నమేనని, ఆ తరువాత బృందం ఈ నాటకాన్ని ఇక ఆడదని కూడా మరదలే చెప్పింది. కింద సీట్లన్నీ అయిపోయాయి. బాల్కనీలో రెండు దొరికాయి. ఈసారి కూడా నిద్రపోతే అక్కలా ఊరుకోనని, గిల్లి లేపుతానని దారి పొడుగునా బెదిరించింది.

పాట మొదలయ్యేసరికి మాస్టారు ముందు కమ్మీ పట్టుకుని ఉన్నారు. పొడుగమ్మాయిని వెంటనే గుర్తుపట్టారు. ఆమె పక్కన ఒక ముసలి నటి నిలబడి ఉంది. తాళం పడే ముందు పొడుగమ్మాయి చెయ్యి ముసలావిడ మోచేతి కిందికి వెళ్ళి, మెల్లగా పైకి లేపింది. ముసలావిడ రుమాలు అందరితోపాటు లేచింది. ఆ తరువాతే, ఒక్క దెబ్బ ఆలస్యంగా, పొడుగమ్మాయి రుమాలు.

కింద కూర్చుంటే వేదిక మీది ముందు వరుసవాళ్ళు అడ్డం. ఇది పైనుంచే కనిపిస్తుంది. మాస్టారు చెబుదామని అలవాటు లేని తొందరతో పక్కకు తిరిగారు. మరదలు కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన మళ్ళీ వేదిక వైపు తిరిగారు.

చప్పట్లు ఆగాక, అక్కడే కూర్చుని, వెంట తెచ్చుకున్న ఆవిడ పుస్తకం తెరిచి పన్నెండో పేజీలో రాశారు: 'ఆ అమ్మాయిది ఆలస్యం కాదు. పక్కనున్న పెద్దావిడ చెయ్యి లేపి, తరువాత తనది ఎత్తుతోంది. మనం బాల్కనీలో కూర్చోవలసింది.'

మరదలు మెట్ల దగ్గర ఆగి, ఏం రాశారని అడిగింది.

"నిద్రపోలేదని రాశాను" అన్నారు మాస్టారు.