కుంకుమ పెట్టిన కంప్యూటర్

ఆయుధపూజ చేసిన పనిముట్టును మరునాటి దాకా ముట్టరాదని, ముట్టుకుంటే అది ఇక పనికిరాదని గద్వాల నేతవాళ్లలో ఒక నమ్మకం. రెండువేల నాలుగులో, సరిగ్గా పూజనాడే, చేనేత సంఘం కంప్యూటర్ మీద దానికి పరీక్ష జరిగింది.

పరీక్ష తెచ్చింది నేతగత్తె జములమ్మ చీర అంచు. ఆమె దాన్ని కాగితంపై గీయకుండా, ముందురోజు ఆపరేటర్ సింధూజ పక్కన కూర్చుని, తెరపైనే గడి గడీ నింపించింది. సాయంత్రం బస్సులో ఆ నమూనా హైదరాబాద్ చేరకపోతే ప్రదర్శనలో ఆమెకు చోటు లేదు.

పూజ అయ్యాక సింధూజ కంప్యూటర్ ఆన్ చేసింది. డిజైన్ల డేటాబేస్ తెరుచుకోలేదు.

"సూసినవా? పూజ చేసినదాన్ని ముట్టినవ్, అలిగింది," అన్నాడు సంఘం అధ్యక్షుడు కురుమూర్తి.

"అలగలే పెద్దనాయ్నా. రాత్రంత ఇది ఆన్‌లనే ఉండె, పొద్దుగాల దీపం పెట్టేముందు మీరు మెయిన్ బంద్ చేసిండ్రు. ఇది రాసుకునేది నడిమిట్ల తెగింది."

"అన్నిటికీ విశ్రాంతి ఇయ్యాలె గదా! మగ్గాలు గూడ ఆపిన. మగ్గం అలిగిందా?"

"మగ్గం ఆపితే నూలు ఆడనే ఉంటది. దీన్ని జర చెప్పి ఆపాలె."

కురుమూర్తి రాయచూరు మెకానిక్‌కు ఫోన్ చేశాడు. "లాగ్ ఫైళ్లు ఉత్త చెత్తనంట. కొట్టేస్తే తెరుచుకుంటదంట."

"నేను కొట్టెయ్య. జములమ్మత్త అంచు వాటిల్లనే ఉంది."

ఆ డేటాబేస్ ప్రతి మార్పునూ ముందు లాగ్ ఫైలులో రాసుకుంటుంది. తర్వాతే అసలు ఫైలుకు ఎక్కిస్తుంది. సింధూజ నల్లతెర తెరిచి, అవసరం తీరిన లాగ్‌లేవో చూపమని ఆదేశం టైపు చేసింది. పాతవాటి పేర్లు వచ్చాయి. నిన్నటిది రాలేదు.

"నిన్నటిది ఇంకా కావాలంటున్నది, సూడుండ్రి."

"రేపు మొక్కి చేస్తే ఏం పోతది?" అన్నాడు కురుమూర్తి.

"నీ మొక్కు బస్సును ఆపుతదా తమ్మీ?" అంది పొద్దుటి నుంచీ అక్కడే కూర్చున్న జములమ్మ. "దోషముంటే నాకే తగలనీ. ముట్టు బిడ్డా."

సింధూజ ఫైళ్లన్నిటికీ సీడీ మీద నకలు తీసుకుని, లాగ్‌ల నుంచి డేటాబేస్‌ను సరిచేసే ఆదేశం కొట్టింది. ఎంటర్ మీటపై కుంకుమ బొట్టుంది. తుడవకుండానే నొక్కింది.

దోషం తనకు అంటకుండా కురుమూర్తి చెప్పులు వేసుకుని గడప బయట నిలబడ్డాడు.

డేటాబేస్ తెరుచుకుంది. అంచులో, సేవ్ చేయని చివరి హంస ముక్కు మాత్రం లేదు. దాన్ని మళ్లీ నింపారు. సీడీ సాయంత్రం బస్సులో వెళ్లింది. కంప్యూటర్ మరునాడూ పనిచేసింది.