ఆకుపచ్చ పేరు

మా ఆఫీసులో ప్రతి సోమవారం పొద్దున గోడమీది పెద్ద టీవీలో మా పేర్లు వేసేవారు. కొత్తగా తెచ్చిన ఏఐని బాగా వాడినవాళ్ళ పేర్లు ఆకుపచ్చగా, వాడనివాళ్ళవి ఎర్రగా. పేర్లు చూశాక అందరం చప్పట్లు కొట్టాలి. కొట్టించేది మా కొత్త మేనేజరు. అందుకే ఆయనకు మేం చప్పట్లాయన అని పేరు పెట్టుకున్నాం.

మాది చాలా పెద్ద బీమా కంపెనీ. ఫిర్యాదులకు జవాబులు రాయడం మా సెక్షన్ పని. అందరికంటే అడుగున, ఎర్రగా, వారం వారం కనబడేది మా బావ పేరే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆయనొక్కడే ఇంకా సొంతంగా రాసేవాడు. మొగుడు పోయిన మనిషికి "మీ క్లెయిము కుదరదు" అని చెప్పాల్సి వచ్చినా, ముందు ఆవిడ ఉత్తరం మొత్తం చదివి, పోయినాయన పేరు జవాబులో ఎక్కడో ఒకచోట తలుచుకునేవాడు. డబ్బు రాకపోయినా వాళ్ళు తిరిగి థాంక్స్ చెబుతూ మెయిల్ పెట్టేవారు. ఏం మనిషో, ఏం చాదస్తమో! నాకు మాత్రం ఆ చాదస్తం ముచ్చటగానే ఉండేది.

ఎర్రపేర్ల వాళ్ళను తీసేస్తారని పుకారు లేచింది. ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది.

"ఏమే, మీ బావకి నువ్వైనా చెప్పవే. నా మాట చెవిన పెట్టరు. ఈ వయసులో ఉన్న ఉద్యోగం పోతే ఇంకెవరిస్తారే ఆయనకి?"

మర్నాడే కుర్చీ లాక్కుని బావ పక్కన కూర్చున్నాను.

"బావా, మీ జవాబు మీరే రాసుకోండి, ఎవరొద్దన్నారు? రాశాక దాన్ని ఏఐలో పడేసి, 'ఇది ఉన్నదున్నట్టు మళ్ళీ రాసివ్వు' అనండి. అదిచ్చింది పంపండి. లెక్కలో అది రాసినట్టే పడుతుంది."

"మోసం కదమ్మా అది?"

"మోసమా, పాడా! సెక్షన్లో సగంమంది దాన్ని జోకులడిగి పచ్చబడ్డారు. మీరు కనీసం పని చేస్తున్నారు."

నవ్వేశాడు. అక్క కోసం ఒప్పుకున్నాడు. నెల తిరక్కుండానే ఆయన పేరు అందరికంటే పైన, పచ్చగా. చప్పట్లాయన బావ ఫొటో లిఫ్టులో అంటించాడు. అక్క నాకు ఫోన్లోనే ముద్దులు పెట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కొన్నాళ్ళకు మా ఇద్దరినీ అద్దాల గదిలోకి పిలిచారు. ప్రమోషనే అనుకున్నాం. బావ చొక్కా కూడా సర్దుకున్నాడు.

"మీ జవాబులు కస్టమర్లకి తెగ నచ్చుతున్నాయండీ," అన్నాడు చప్పట్లాయన. "అన్నీ ఏఐ రాసినవే. అందుకే పెద్దాఫీసు వాళ్ళు ఒక మాటడిగారు. అంతా అదే రాస్తుంటే మధ్యలో ఈయనెందుకని. నాకేం చెప్పాలో తోచలేదు. నెలాఖరు దాకా రండి. తర్వాత మీ సీటు కూడా మీ మరదలే చూసుకుంటుంది."

బావ కుర్చీలో ముందుకు జరిగాడు. "అవి నేను రాసినవండీ. రాసి, దానికిచ్చి, మళ్ళీ తీసుకున్నాను."

"అలాగా? దాన్నే అడుగుదాం." బావ ఏఐతో నడిపిన చాట్ ఒకటి తెరమీద తెరిచి, చివరున్న జవాబు ఎవరు రాశారని దాన్నే అడిగాడు. అది తడుముకోలేదు. "నేనే రాశానండి. ఇంకా మెరుగుపరచమంటారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "దాని మొహం! పైకి జరిపి చూడండి సార్, బావ ముందు పెట్టింది కనబడుతుంది. ఆ ఉపాయం చెప్పింది నేనే."

చప్పట్లాయన మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. "చూడొచ్చు. చూస్తే మాత్రం కంపెనీ లెక్కల్ని మీరిద్దరూ మోసం చేసినట్టు తేలుతుంది. అప్పుడు ఇద్దరూ వెళ్ళాలి, చేతికి పైసా రాదు. చూడమంటారా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చూడమందామనే నోరు తెరిచాను. బావ నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

"వద్దులెండి. అదే రాసింది," అన్నాడు.

అక్కకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. నెలాఖరు దాకా రోజూ వచ్చి, తన సీటులో కూర్చుని, ఏఐ రాసిన జవాబులు ఎలా పంపాలో నాకు ఓపిగ్గా చూపించాడు. చివరిరోజు నిలబడి చప్పట్లు కొట్టమన్నారు. కొట్టాం. నేనూ కొట్టాను, ఛీ!

ఆయన సామాను అట్టపెట్టెలో సర్ది, వాళ్ళింటికి నేనే తోడు వెళ్ళాను. తలుపు తీసిన అక్క ముందు పెట్టెను చూసింది, తర్వాత బావను.

"తీసేశారా? మళ్ళీ సొంతంగా రాయడం మొదలెట్టారు కదూ! నా చెల్లెలు చెప్పినట్టు వింటే మీ సొమ్మేం పోయిందండీ?"

నేను చెప్పబోయాను. బావ చెప్పులు విప్పుతూ, తలెత్తకుండానే అన్నాడు, "అవునే. వినలేదు. నాదే తప్పు."

అక్క ఏడుస్తూనే నన్ను దగ్గరకు లాక్కుని తల నిమిరింది.

"నువ్వేం చేస్తావే పాపం. నువ్వు చెప్పాల్సింది చెప్పావు."