అర్వో కట్టిన ముడి

బిగించే ముందు అర్వో కెట్టునెన్ ముడిని నాలుకతో తడిపాడు. పొడి దారాన్ని లాగి బిగిస్తే రాపిడికి వేడెక్కి, దాని బలంలో సగం అక్కడే పోతుంది. తడిపిన ముడి మెత్తగా జారి, తన చోట తాను కూర్చుంటుంది. వంటగది పొయ్యి పక్కన, వెచ్చని బల్ల మీద, జానెడు ఉక్కుతీగ కొసకు దారాన్ని కట్టి, పిడికిలికి చుట్టుకొని లాగి చూశాడు. నిలిచింది. తీగ రెండో కొసకు చిన్న కొక్కెం ఉంది. పడవలో ఎరగా ఏ కొయ్యచేప కావాలంటే దాన్ని ఆ కొక్కేనికి తగిలించడమే. అక్కడ ముడి పని ఉండదు.

అందుకోసమే తెల్లవారకముందే లేచి ఈ పని ఇక్కడ ముగించుకుంటున్నాడు. రెండేళ్లుగా అతని చూపు నడుమ బూడిద రంగు మచ్చ ఒకటి నిలిచిపోయింది. అంచుల్లో అన్నీ కనిపిస్తాయి. సూటిగా దేనిని చూస్తే అదే మాయమవుతుంది. పట్టణంలోని కంటి వైద్యుడు దానికి పేరు చెప్పి, మందు లేదన్నాడు. అర్వో ఆ పేరును ఎవరికీ చెప్పలేదు. మనిషి ముఖం చూడాలంటే చెవి వైపు చూడటం నేర్చుకున్నాడు. ముడులను వేళ్ళకు అప్పగించాడు. బొటనవేలి మీద పాత గాలపు గాట్లు, ఒక చేతికి ఊడిపోయి మళ్ళీ వంకరగా పెరిగిన గోరు. అయినా ఆ వేళ్ళు వెచ్చగా ఉన్నంతసేపు కళ్ళ కంటే నమ్మకమైనవి.

ఆగస్టులో అతను పడవను బండకు రాయించాడు. తరవాత అతను వేటకు తీసుకెళ్ళిన అతిథి ఒకరి గాలానికి పడ్డ పెద్ద చేప, అతని చేతివల అంచుకు తగిలి జారిపోయింది. సరస్సు ఒడ్డున అద్దె కుటీరాలు నడిపే మార్లిస్ అప్పుడేమీ అనలేదు. అతన్ని పనిలో పెట్టుకున్నది ఆమె తండ్రి; ఆమెకు గాలం విసరడం నేర్పింది అర్వోయే. కానీ నిన్న సాయంత్రం పడవ షెడ్డు గుమ్మంలో నిలబడి, నేల చూస్తూ అంది:

"రేపు గ్లెన్‌ను తీసుకెళ్ళు. ఈ ఏటికి అదే ఆఖరు. ఎలా జరుగుతుందో చూసి, మే నెల సంగతి మాట్లాడుకుందాం."

చలికాలం మూసేసిన పైక్ చేపల వేటను మేలో మళ్ళీ తెరుస్తారు. అర్వోకు సొంత పడవ లేదు. ఆ పని పోతే అతను సరస్సును ఒడ్డు నుంచి చూడటమే మిగులుతుంది. అది కూడా అంచుల్లోంచి.

రేవు చెక్కల మీద మంచు తెల్లగా పేరుకొని ఉంది. గ్లెన్ ప్రిబిల్ అప్పటికే వచ్చి, రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని నిలబడ్డాడు. పొట్టి మనిషి. నలభై ఏళ్ళు మంగలి దుకాణం నడిపి మూసేసినవాడు. ఏటా శరత్కాలంలో ఒక వారం ఇక్కడికి వస్తాడు.

"ఇంకా బతికే ఉన్నావా, ముసలోడా?"

"పొద్దున చూసుకున్నాను. ఉన్నట్టే ఉంది."

"నీ టోపీ కింద ఆ జుట్టు చూస్తే అలా అనిపించట్లేదు. ఎవడు కత్తిరించాడు, ఎలుకా?"

"నేనే."

"నేనన్నదీ అదే."

అర్వో గాలపు కర్ర అందించాడు. గ్లెన్ కొసన మెరుస్తున్న తీగను పట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"తీగ వద్దయ్యా. ఈసారి నాకు బాస్ చేప కావాలి. తీగ కనబడితే అది మొహం తిప్పుకుని పోతుంది."

"కలువల పక్కన పైక్ కూడా ఉంటుంది. దాని పళ్ళకి ఈ దారం ఓ లెక్కా?"

"ఉంటే ఉండనీ. పోతే పోయేది నీ కొయ్యచేప, నా ముక్కు కాదుగా."

ఆ సరస్సులో ఈ చిక్కు పాతదే. రెండు చేపలూ ఒకే నాచులో పొంచి ఉంటాయి. బాస్ అనుమానపు చేప, తీగను గుర్తిస్తుంది. పైక్ దేన్నీ అనుమానించదు, దారాన్ని మాత్రం కొరికేస్తుంది. ఏది కావాలో ఎంచుకుని, రెండోదాని నష్టానికి సిద్ధపడాలి.

అర్వో తీగను కత్తిరించి పెట్టెలో పెట్టాడు. పెట్టెలోంచి తాను చెక్కిన కొయ్యచేప తీశాడు: దేవదారు కర్ర, ఆకుపచ్చ వీపు, పసుపు పొట్ట, ముక్కుకు ఉక్కు రింగు. దారాన్ని రింగులో దూర్చి, దాని చుట్టూ దాన్నే మెలిపెట్టి, కొసను వెనక్కి తెచ్చి, రింగు దగ్గర మిగిలిన చిన్న కన్నంలో దూర్చాలి. చలికి వేలికొసలు మొద్దుబారి ఉన్నాయి. దారం ఉందో లేదో తెలియడం లేదు. తల పక్కకు తిప్పి, అంచు చూపుతో ప్రయత్నించాడు. కొస రెండుసార్లు తప్పింది. మూడోసారి దూరిందనుకున్నాడు. నాలుకతో తడిపి, బిగించి, కొయ్యచేప పొట్ట కింది కొక్కేన్ని పడవ అంచుకు తగిలించి లాగాడు. నిలిచింది.

గ్లెన్ నీళ్ళ వైపు చూస్తున్నాడు. లేక, అలా చూస్తున్నట్టు నిలబడ్డాడు.

పొగమంచు విడిపోయేసరికి వాళ్ళు దక్షిణపు మడుగులో ఉన్నారు. గ్లెన్ విసిరినప్పుడల్లా కొయ్యచేప కలువ ఆకుల అంచున టప్పున పడేది. వలయాలు చదునయ్యేదాకా ఆగి, చిన్నగా గుంజి, మళ్ళీ ఆగేవాడు. మొదటి బాస్‌ను అర్వో చప్పుడును బట్టి, తోక చిమ్మిన నీటిని బట్టి వలలోకి తీసుకున్నాడు. రెండోదాన్నీ అలాగే. రెండుసార్లూ వల అంచు దేనికీ తగల్లేదు. అతని భుజాలు కొంచెం కిందికి దిగాయి. రై రొట్టె, పొగ పట్టిన చేప తిన్నారు. గ్లెన్ జేబులోంచి అరటిపండు తీశాడు.

"పడవలో అరటిపండా? చేపలు పడవంటారు," అన్నాడు అర్వో.

"మార్లిస్‌కు చెప్పకు. నన్ను ఈదుకుంటూ రమ్మంటుంది."

మధ్యాహ్నం మళ్ళాక, నాచు తెగిపోయి లోతు మొదలయ్యే చోట కొయ్యచేప ఆగిపోయింది. రాయి తగిలినట్టుంది. తరవాత ఆ రాయి కదిలింది. దారం చుట్టిన చక్రం కీచుమంది, కర్ర నీటిని తాకేంత వంగింది. అర్వో పడవను తిప్పాడు. చూపు అంచున ఒక పొడవాటి పక్క మెరిసింది. పచ్చని ఒంటి మీద పసుపు చుక్కలు, చదునైన మూతి. మనిషి కాలంత పైక్.

"నెమ్మది," అన్నాడు. "పోనివ్వు. పోనివ్వు దాన్ని."

కర్ర నిటారుగా లేచింది.

గ్లెన్ చక్రం తిప్పాడు. బరువు లేని దారం నీటి మీద గీత గీస్తూ వచ్చింది. దాని కొసను రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. జీవితమంతా వెంట్రుకల కొసలను పట్టుకున్న వేళ్ళు అవి. పైక్ కొరికిన దారం కొసన నలిగి, గరుకుగా, చదునుగా ఉంటుంది. జారిపోయిన ముడి అలా ఉండదు. పంది తోకలా చుట్టలు తిరిగి ఉంటుంది. ఆ సరస్సు మీద గాలం పట్టిన ప్రతివాడికీ ఆ తేడా తెలుసు.

గ్లెన్ ఒకసారి కొసను చూసి, అవతలి ఒడ్డు వైపు తల తిప్పుకున్నాడు.

"పళ్ళు," అన్నాడు. "నువ్వు చెబుతూనే ఉన్నావు. తీగ వద్దన్నది నేనే."

అర్వో చేయి చాచాడు. గ్లెన్ కొంచెం తటపటాయించి దారాన్ని ఆ చేతిలో పెట్టాడు. ఎండకు వేళ్ళు వెచ్చబడి ఉన్నాయి. బొటనవేలు చుట్టలను పట్టుకుంది. వాటిని చూడనక్కరలేదు.

నిజం చెప్పడానికి రెండు మాటలు చాలు. అవి నోటిదాకా వచ్చాయి. వాటి వెనకే మే నెల వచ్చింది.

"పైక్‌లంతే," అన్నాడు అర్వో.

చుట్ట తిరిగిన ముక్కను కత్తిరించి చొక్కా జేబులో వేసుకున్నాడు. దారం ముక్కలను నీళ్ళలో పారెయ్యకూడదు. పక్షుల కాళ్ళకు చుట్టుకుంటాయి. ఆ తరవాత వాళ్ళు గాలి గురించి మాట్లాడుకున్నారు.

రేవు దగ్గర మార్లిస్ పడవ తాడు అందుకుంది. గ్లెన్ ఇంకా దిగకముందే మొదలుపెట్టాడు.

"నా కాలంత ఉంది! తీగ కట్టుకోమని నీ ముసలాయన మొత్తుకున్నాడు. నేను వినలేదు. దారాన్ని కొరుక్కుని పోయింది. పైగా అరటిపండు తిన్నాను."

"నా పడవలో అరటిపండా! సిగ్గులేదూ?" మార్లిస్ నవ్వింది. "నీ కాలంతంటే మరీ అంత పెద్దదేం కాదులే."

పండుకూ చేపకూ సంబంధం ఉందని ఆ ముగ్గురిలో ఎవరూ నిజంగా నమ్మరు. ఎవరినీ నొప్పించని కారణం దొరికినప్పుడు మనుషులు రుజువు అడగరు.

"అర్వో," అంది ఆమె, ఈసారి నేల చూడకుండా. "మేలో వేట తెరిచే రోజుకి రెండు పడవలు అడిగారు. ఒకటి నీది."

"సరే."

"అంతేనా?"

"ఫర్వాలేదు."

అర్వో మెచ్చుకోలులో ఫర్వాలేదు కంటే పెద్ద మాట లేదు. మార్లిస్ తృప్తిగా లోపలికి వెళ్ళింది. అతను పడవను ఒడ్డుకు లాగి, నీళ్ళు వంచి, బోర్లించాడు. గ్లెన్ చేయి కలిపి, వెంటనే వదల్లేదు.

"గ్లెన్, ఆ దారం…"

"చలేస్తోంది, అర్వో. ఇంటికి పో."

ఆ సాయంత్రం వంటగది బల్ల దగ్గర అదే ముడి మళ్ళీ వేశాడు. కొస మొదటిసారికే దూరింది. పిడికిలికి చుట్టి, దారం చర్మాన్ని కోసేదాకా లాగాడు. నిలిచింది. అది నిలిచినందుకు అతనికి ఏ ఊరటా కలగలేదు.

మార్చిలో, సరస్సు మీద గడ్డకట్టిన మంచు ఇంకా మనుషులను మోస్తున్నప్పుడే, అర్వో నిద్రలో పోయాడు. పని మీద బెంగ అన్నారు, ఒంటరితనం అన్నారు; డెబ్బై నాలుగేళ్ళ గుండె ఆగడానికి అంత వివరణ అక్కరలేదు. అంత్యక్రియలయ్యాక చర్చి నేలమాళిగలో కాఫీ తాగుతూ మార్లిస్ ఆ పైక్ కథ చెప్పింది. రెండో కప్పుకు చేప ఇంకొంచెం పెరిగింది.

మంచు కరిగాక, రేవు చెక్కలు మళ్ళీ నీళ్ళలోకి దించుతూ, మార్లిస్ తుంగలో ఆ కొయ్యచేపను చూసింది. చేప ఎప్పుడో విదిలించుకుంది, దేవదారు తేలింది, గాలి ఒడ్డుకు నెట్టింది. రంగు వెలిసింది, ఒక కొక్కెం తుప్పుపట్టింది. ఆమె నాచు తుడిచి, అలవాటుగా ముక్కు దగ్గర రింగును బొటనవేలితో తడిమింది. దారాన్ని పైక్ కొరికితే ముడీ, దాని వెంట కాస్త దారమూ రింగుకే ఉండిపోతాయి. రింగుకు పోగైనా లేదు, నున్నగా ఉంది.

మోకాళ్ళ లోతు చల్లని నీళ్ళలోంచి ఆమె దానితో ఒడ్డుకు వచ్చింది.

తరవాత షెడ్డులోకి వెళ్ళి, మేకుకు వేలాడుతున్న అర్వో దారపు ఉండలోంచి కొంత కత్తిరించింది. రింగులో దూర్చి, మెలిపెట్టి, కొసను కన్నంలో దూర్చి, బిగించే ముందు నాలుకతో తడిపింది. మిగిలిన కొసను దవడపళ్ళ మధ్య పెట్టుకుని నమిలింది.

ఇప్పుడది మార్లిస్ గదిలో తాళంచెవుల మేకు పక్కన వేలాడుతోంది: వెలిసిన ఆకుపచ్చ కొయ్యచేప, దాని ముక్కుకు గట్టి ముడి, ముడికి అంగుళం దారం, కొస నలిగి, గరుకుగా, చదునుగా.