జంపయ్య ఆడని సీజన్

పోయినేడు ఆడిన టీమ్‌ల జంపయ్య ఒక్కడే మిగిలిండు. తక్కినోళ్లంతా డిగ్రీ అయిపోయి ఎటోళ్లటు పోయిండ్రు. రెండువేల మూడు జూలైల ఖమ్మం నుంచి కొత్త కోచ్ హఫీజ్ సార్ భద్రాచలం కాలేజీకి వచ్చేసరికి, జంపయ్య పక్కన బాస్కెట్‌బాల్ సరిగ్గ పట్టుకోవడం రాని ఆరుగురు కొత్త పిల్లలు నిలబడి ఉన్నరు.

"వీళ్లతోనే టోర్నమెంట్ ఆడుదాం," అన్నడు సార్. "జంపయ్యా, నువ్వే కెప్టెన్."

జంపయ్య సరేనని తలూపిండు గని, ఎండాకాలం నుంచి కుడి మోకాలు సతాయిస్తున్నది. ఎగిరి దిగినప్పుడల్లా లోపల ఏదో జారినట్టుంటది. ఎవరికీ చెప్పలేదు. హాస్టల్ సీటు స్పోర్ట్స్ కోటాల వచ్చింది. ఆట పోతే సీటు పోతది, సీటు పోతే ఊరికి పోవాలె.

ఊరికి పోయే వీలు లేదు. రెండేండ్ల కింద అడవిలకెల్లి నక్సలైట్ అన్నలు వచ్చి వాళ్లింట్ల అన్నం తిని పోయిండ్రు. వద్దనే ధైర్యం ఎవరికుంటది? నాలుగోనాడు పోలీసులు జంపయ్యను పట్టుకపోయి మూడు దినాలు ఠాణాల కూసోబెట్టిండ్రు. విడిచిన వారానికి అన్నలు మళ్లొచ్చి, "ఠాణాల ఏం చెప్పినవ్?" అని అడిగిండ్రు. తెల్లారంగనే తల్లి గంగక్క కొడుకును బస్సెక్కించింది. "నేనే వచ్చి చూస్త బిడ్డా. నువ్వు మాత్రం రాకు" అన్నది.

అందుకే మోకాలికి గుడ్డ బిగించి, మీద ప్యాంటు తొడుక్కొని ప్రాక్టీస్ చేసిండు. సెప్టెంబర్‌ల ఒకనాడు బంతి కోసం ఎగిరి, దిగుతూనే కూలబడ్డడు. సార్ దవాఖానాకు తీస్కపోయిండు. ఇంకోసారి గిట్లైతే నడకే కష్టమని డాక్టర్ చెప్పిండు.

"ఈ సీజన్ నువ్వు ఆడవు. ఇంటికి పోయి రెస్ట్ తీస్కో," అన్నడు సార్.

జంపయ్య దవాఖానా మెట్ల మీద కూసొని మొత్తం చెప్పిండు. బయటోళ్లకు చెప్పుడు అదే మొదలు. సార్ వచ్చి మెట్టు మీద పక్కన కూసున్నడు.

"సీటు పోకుండ టీమ్ లిస్ట్‌ల నీ పేరుంచుత. కోర్టుల మాత్రం కాలు పెట్టనియ్య. పిల్లలకు చిన్న బెణుకని చెప్త, ఈ సంగతి మనిద్దరి మధ్యనే ఉండాలె."

జంపయ్య బెంచీ మీద కూసొనే పిల్లలకు పాస్‌లు నేర్పిండు, ఎవరిని ఎట్ల అడ్డుకోవాలెనో అరిచి చెప్పిండు. మూడు మ్యాచ్‌లు ఓడిండ్రు, నాలుగోది గెలిచిండ్రు. ఆఖరిది ఖమ్మంల, మధిర టీమ్‌తోని. సగం ఆటకు కొత్త పిల్లల్ల లాలు అనేటోడు చీలమండ మడతపడి బయట కూసున్నడు. ఇంకా నాలుగు నిమిషాలుందనంగ ఇంకొకడు, రమణ, ఐదో ఫౌల్ చేసి రూల్ ప్రకారం బయటికొచ్చిండు. ఐదుగురు ఉండాల్సిన కోర్టుల నలుగురే మిగిలిండ్రు. అప్పటికి రెండు పాయింట్లు ముందున్నరు.

జంపయ్య లేచి నిక్కరు మీది ప్యాంటు విప్పబోయిండు. సార్ చెయ్యి పట్టి గుంజిండు.

"కూసో."

"సార్, నలుగురే ఉన్నరు!"

"నలుగురే ఆడుతరు."

ఒక్క పాయింట్‌తో ఓడిపోయిండ్రు. లాలు కుంటుకుంటూ వచ్చి ముందర నిలబడ్డడు.

"నాలుగు నిమిషాలు ఆడితే ఏం పోయేది? ఏం కెప్టెన్‌వన్నా నువ్వు?"

మోకాలి సంగతి చెప్తే సీటు పోతది. ఎందుకు సీటు కావాలెనో చెప్తే ఇంకా పెద్ద ముప్పు. జంపయ్య తలొంచుకొని బ్యాగు సర్దిండు.

బస్సుల ఎవ్వరూ పక్కన కూసోలేదు. కొత్తగూడెం దాటినంక సార్ వచ్చి కూసున్నడు.

"ప్రిన్సిపాల్‌తోని మాట్లాడిన. డిగ్రీ అయినంక నువ్వు నాకు అసిస్టెంట్. సెలవుల్ల గూడ హాస్టల్‌లనే ఉండొచ్చు."

సంతోషపడాల్సిన మాటే. కాని ఎవరో బయట గొళ్లెం పెట్టినట్టు అనిపించింది. ఇంకెన్నేండ్లని అడగబోయి ఊకున్నడు.

"అట్లనే సార్."

సాయంత్రం ఎండ పల్చబడుతుండంగ అడవి మొదట్ల పోలీసులు బస్సాపిండ్రు. అందర్ని దించి వరుసల నిలబెట్టిండ్రు. జంపయ్య కాలేజీ కార్డు చేతిల పట్టుకొని లాలు వెనక నిలబడ్డడు. వంతు వచ్చింది.

"ఏ ఊరు నీది?" కానిస్టేబుల్ అడిగిండు.

ఊరి పేరు నాలుక మీదికి వచ్చింది. చెప్తే మళ్ల ఠాణానే.

"కాలేజీ హాస్టల్, సార్."

"ఊరు అడిగిన."

"గంతే సార్," అన్నడు జంపయ్య. "అక్కడ్నే ఉంట."