విన్నదొకటి, విన్నవించిందొకటి

మా గంగాధరానికి ఎడమ చెవి కొంచెం మందం. కుడి చెవి చక్కగా పనిచేస్తుంది. ఆ రోజు ఫోను ఎడమ చెవికి పెట్టుకున్నాడు.

2007 జూన్ మొదటి వారం, వేసవి సెలవులు. పలమనేరుకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊరి హైస్కూల్లో నేను తెలుగు పండితుణ్ణి. రిజిస్టరులో గిరిప్రసాద్‌ని, ఊరి నోట్లో ఐవోరిని. వీధి మొత్తానికి ఫోను మా ఇంట్లోనే ఉంది కాబట్టి, తిరుపతిలో చదువుకునే మహిత పిలిస్తే వాళ్ల నాయన గంగాధరం మా ఇంటికే రావాలి. ఆ ఉదయం పదిన్నరకు ఫోను మోగింది. ఆవుకు గడ్డి వేస్తున్నవాడు ఆ గడ్డిపరకలతోనే పరుగెత్తుకొచ్చాడు. లైను గరగరమంటోంది. నాకు వినబడింది అతని సగం మాత్రమే.

"ఏందీ, కరెంటు ట్రాన్స్‌ఫార్మరా? కాగితమా? నిన్ననే వచ్చినాది పాపా, రిజిస్టరు పోస్టులో. సించలేదు. ఎవురికీ ఇయ్యలేదు. ఐదు గంటల లోపలా? ఆఫీసులోనే ఇయ్యాల్నా?"

అంతే, లైను తెగింది. గంగాధరం ఫోను కళ్లకద్దుకుని పెట్టేశాడు.

"ఐవోరా, మన ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేసినాది. కాగితం నా దెగ్గరే ఉండాది. ఈపొద్దు ఐదుకి లోపల ఆఫీసులో ఇయ్యాలంట."

నమ్మకపోవడానికి నాకు కారణం కనబడలేదు. మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి నలభై రోజులైంది. పదకొండు బోర్లు నోరు తెరుచుకుని నిలబడ్డాయి, టమోటా తోటలు తలకాయలు వేలాడేశాయి. ట్రాన్స్‌ఫార్మర్ అనే మాటలో ఫార్మర్ ఉన్నాడు గానీ, ఫార్మర్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ లేదు. చిత్తూరు కరెంటాఫీసుకు అర్జీ పెట్టాం. దాన్ని ఇంగ్లీషులో టైపు చేసిచ్చింది మహితే. కాబట్టి జవాబు ఆమె పేరున వచ్చిందంటే వచ్చిందనే అనుకున్నాం.

ఆమె నిజంగా అన్న మాట మాకు చిత్తూరులో గానీ తెలియలేదు. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను. మేము హాయిగా నవ్వుకుంటూ ప్రయాణం చేసిన ఆ రెండు గంటలూ మీరైనా భయపడాలి కదా.

మహిత అన్నది ‘క్రెడిట్ ట్రాన్స్‌ఫర్’.

మహిత చదివేది బీయస్సీ కంప్యూటర్స్. అంతకుముందు ఏడాది జిల్లా అంతా చికున్‌గున్యా వచ్చి జనాన్ని వంగబెట్టినప్పుడు ఈ అమ్మాయి కీళ్లూ పట్టేశాయి. ఒక పేపరు పోయింది. ఆ కాలేజీలో పేపరు బరువును బట్టి క్రెడిట్లు ఇస్తారు, అన్నీ కలిస్తేనే డిగ్రీ. పోయిన పేపరుకు నాలుగు క్రెడిట్లు. కాలేజీ వాళ్లు ఒక దారి చూపించారు. అదే సబ్జెక్టును బెంగుళూరులోని ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో చెబుతుంది, అది పాసైతే ఆ నాలుగు క్రెడిట్లనూ ఇక్కడి డిగ్రీలో కలుపుతామన్నారు. ఊరికి వచ్చి ఇంటి దగ్గరే ఉండి, పలమనేరు నెట్ సెంటరులో నాలుగు నెలలు కూర్చుని మహిత పాసైంది. యూనివర్సిటీ వాళ్ల ఉత్తరం సీలు వేసిన కవరులో వస్తుంది, చించకుండా కాలేజీలో ఇవ్వాలి. ఆ బ్యాచి రిజిస్టరు ఆ రోజు ఐదు గంటలకు మూసేస్తారు. మరునాడు పొద్దున ఎం.సి.ఏ. సీటుకు డిగ్రీ కాగితం చూపించాలి. లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది, ఏడాది ఎవరికీ కాకుండా పోతుంది.

ఆ కవరు గంగాధరం నడుముకు, పాల కవరు సంచిలో చుట్టి, పంచెకింద భద్రంగా ఉంది.

సుల్తాన్ జీపు మాట్లాడాం. అతను తోలుతూ, నేను పక్కన. వెనక గంగాధరం, బోరు ఆగిపోయిన రైతుల్లో ఒకడైన చెంగల్రాయుడు. చెంగల్రాయుడి ఒళ్లో బూడిద గుమ్మడికాయ. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు దిష్టి తీయడానికట. ఫ్యూజు పెట్టేలోపలే పూజ పెట్టుకున్న మనిషి. జీపులో ఉన్న జీవులందరిలో ఎక్కువ సంతోషం అతనిదే. కాగితం ఒకసారి చూపించమని నేనడిగితే గంగాధరం ఒప్పుకోలేదు. పాప ఎవరికీ ఇవ్వొద్దన్నదట. ఆ ఒక్క మాట మాత్రం చెవిలో సరిగ్గానే పడింది.

పన్నెండు ముప్పావుకు చిత్తూరు చేరాం. కరెంటాఫీసులో ఇన్‌వర్డు సీటులో, అంటే వచ్చిన కాగితాలు తీసుకునే చోట, ఆదిలక్ష్మమ్మ అనే గుమాస్తా ఉంది. పేరుకు ఇన్‌వర్డు గానీ, లోపలి వర్డు చదివే అలవాటు ఆ సీటుకు లేదు. భోజనానికి లేస్తున్న మనిషి, నేను మెడ చాచేలోపలే కవరు అందుకుని కత్తెరతో కొస కత్తిరించి, కాగితం వెనక ముద్ర గుద్ది, దేని గురించి అని అడిగింది. ట్రాన్స్‌ఫార్మర్ అన్నాడు గంగాధరం. రాసుకుంది. నంబరు 611. బంట్రోతు దాన్ని మిగతా కాగితాలతో ఆఫీసరు ఏ.డి. గారి గదిలో పెట్టి, గదికి తాళం వేశాడు. ఏ.డి. గారు సబ్‌స్టేషనుకు పోయారు. తాళంచెవి ఆయన దగ్గర ఒకటి, ఈ బంట్రోతు దగ్గర ఒకటి. బంట్రోతు కూడా సైకిలెక్కి భోజనానికి పోయాడు.

మేమూ ఎదుటి హోటల్లో కూర్చున్నాం. ఒకటీ నలభైకి సుల్తాన్ సెల్లు మోగింది. మహిత మా ఇంటికి మళ్లీ ఫోన్ చేసి, మా ఆవిడను అడిగి నంబరు పట్టుకుంది. నేను తీసుకున్నాను.

"సార్, మీరు కరెంటాఫీసులో ఏం చేస్తా ఉండారు?"

చెప్పాను. ఆమె ఒక్కొక్క మాటే నెమ్మదిగా చెప్పింది, చిన్నపిల్లలకు నేను ఒత్తులు నేర్పినట్టు. క్రెడిట్. ట్రాన్స్. ఫర్. నాకు అరిటాకు, ఆకులో అన్నం రెండూ కనబడటం మానేశాయి.

"కవరు సించలేదు కదా సార్?"

చించలేదనే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి నిజం చెప్పాను.

"అయితే నా పని అయిపోయినట్టే సార్" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండును.

కుడిచెవి వైపుకు జరిగి గంగాధరానికి చెప్పాను. కలిపిన ముద్ద ఆకులోనే వదిలేశాడు. నలభై ఏళ్లుగా ఏ సందర్భంలోనైనా ఒక శ్లేష తోచే నాకు, ఆ క్షణంలో అక్షరం తోచలేదు.

"నాలుగు నెలలు ఎండలో బస్సుకి పొయ్యి సదివింది ఐవోరా" అన్నాడు. "నా సెవి నాలుగు నిమిషాల్లో తుడిచేసినాది."

పరుగున ఆఫీసుకు వచ్చాం. ఆదిలక్ష్మమ్మ విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ ఇన్‌వర్డు అయిన కాగితం అవుట్‌వర్డు కాకుండా బయటికి పోకూడదట, అవుట్‌వర్డుకు ఏ.డి. సంతకం కావాలట. బంట్రోతు వచ్చి తాళం తీసి కాగితం చూపించాడు గానీ చేతికివ్వలేదు. ఏ.డి. ఏడీ అని గంగాధరం, ఏ.డి. ఎప్పుడు అని నేను, నిమిషానికొకరం అడిగాం. సబ్‌స్టేషనుకు ఫోన్ చేస్తే బయలుదేరారన్నారు. గోడ గడియారం రెండూ పది దాటింది. తిరుపతికి డెబ్బై కిలోమీటర్లు.

సుల్తాన్ నన్ను పక్కకు పిలిచాడు. కాగితం బయటికొస్తే చాలట, కొత్త కవరు తెచ్చి బంకతో అంటిస్తే ఎవరికీ తెలియదట. నాకు ఆ ఉపాయం బాగానే ఉందనిపించింది, దాచడమెందుకు. గంగాధరం మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"కవరు అంటుకుంటాది సుల్తాన్. దాంతోనే అబద్ధమూ అంటుకుంటాది. రేపు పట్టుకుంటే పాప డిగ్రీ అంతా దొంగదంటారు. నేను సెడగొట్టింది ఒక పేపరు, నువ్వు సెప్పినట్టు సేస్తే మొత్తం పోతాది."

ఆ మాట మీద రెండూ యాభై దాకా వేచి ఉన్నాం. అంత పొడుగు నలభై నిమిషాలు నేను మళ్లీ చూడలేదు. అమ్మాయికి పరీక్ష, మాకు నిరీక్ష.

ఏ.డి. గారు వచ్చారు. చిన్న వయసు, చొక్కా అంతా చెమట. ఉత్తరం చదివి, మా ముఖాలు చూసి, తీసుకుపొమ్మన్నారు. గంగాధరం కదల్లేదు.

"సామీ, తప్పు నా సెవిది. శిక్ష బిడ్డకి పడతాండాది. కవరు ఈడ పొరపాటున సించినామని రాసి, మీ సీలేసి ఇయ్యండి."

ఆయన పెన్ను తీసి, మళ్లీ మూత పెట్టారు. ఇంకొకరి రహస్యపు కవరు మా ఆఫీసులో చించామని సంతకం పెట్టడమంటే, తన మెడకు తానే మెమో తగిలించుకోవడం. ఎవరు చించారని పైవాళ్లు అడిగితే ఏం చెప్పాలని అడిగారు.

"నేనే సించినాను సార్. నా పేరే రాయండి" అంది ఆదిలక్ష్మమ్మ, గుమ్మంలో నిలబడి.

ఆయన ఆమెను ఒకసారి చూశారు. తర్వాత పెన్ను మూత తీశారు. ఎవరి పేరూ రాయలేదు, ‘ఈ కార్యాలయం’ అని మాత్రం రాశారు. ఆదిలక్ష్మమ్మే లక్క కరిగించి కొత్త కవరు మీద అయిదు చోట్ల సీలు గుద్దింది. 611 అనే నంబరు కొట్టేయకూడదు కాబట్టి, ట్రాన్స్‌ఫార్మర్ అర్జీ తిరగరాసి పంపితే దాని కిందే పెడతానంది. ఆ మాట విని సంతోషించే తీరిక మాకు లేదు.

మూడూ పదికి జీపు కదిలింది. లక్క పగులుతుందేమోనని గంగాధరం కవరును రెండు అరచేతుల్లో పళ్లెంలా పట్టుకున్నాడు. అంతసేపూ జీపులో గుమ్మడికాయకు కాపలా నిద్ర పోయిన చెంగల్రాయుడు లేచి, యాడికని అడిగాడు. తిరుపతికన్నాను. సంతోషించి మళ్లీ పడుకున్నాడు. చెప్పే ఓపిక ఎవరికుంది.

పాకాల దగ్గర రైలు గేటు పడింది. గేటంటేనే లేటు. ఒక గూడ్సు బండి, పెట్టె తర్వాత పెట్టె, ఊరేగింపులా పోయింది. అది పోయాక గేటు ఎత్తలేదు, ఎదురు బండి ఉందట. పన్నెండు నిమిషాలు. సుల్తాన్ ఉర్దూలో ఏదో గొణిగాడు. గంగాధరం పెదవులు కదులుతున్నాయి, కొండవైపు చూస్తున్నాడు. చంద్రగిరి దాటేసరికి నాలుగున్నర దాటింది. ఊళ్లోకి వచ్చాక లారీలు, ఆటోలు, గుండ్లు చేయించుకుని వస్తున్న జనం.

నాలుగూ యాభై మూడుకి కాలేజీ గేటు. మహిత అక్కడే నిలబడి ఉంది. నాయనను ఏమీ అనలేదు, చేతిలోని కవరు చూసి లోపలికి పరుగెత్తింది. వెనక గంగాధరం, వెనక నేను, సుల్తాన్, ఎందుకో ఏమిటో తెలియకుండానే గుమ్మడికాయతో చెంగల్రాయుడు.

సూపరింటెండెంటు బాలసుబ్రమణ్యం గారు రిజిస్టరుకు నాడా కడుతున్నారు. కవరు అందుకుని సీళ్లు చూశారు.

"ఇది యూనివర్సిటీ సీలు కాదే. కరెంటోళ్లది. కరెంటు బిల్లు ఇక్కడ తీసుకోము" అన్నారు.

గంగాధరం చేతులు జోడించాడు. "లోపల రాసుండాది సామీ. సదివి, తర్వాత కాదనండి."

ఆయన చించారు. పైనున్న ఉత్తరం మొదట మనసులో చదివారు, తర్వాత ముక్కుమీది అద్దాలు సర్దుకుని పైకి చదివారు. అభ్యర్థి తండ్రి ఫోనులో క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ అనే మాటను కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌గా విన్నందువల్ల ఈ కార్యాలయానికి అందినదనీ, పొరపాటున తెరవబడినదనీ, లోపలి కాగితాన్ని మార్పు లేకుండా, సంబంధిత కార్యాలయానికి ట్రాన్స్‌ఫర్ చేయడమైనదనీ. పక్క బల్లల గుమాస్తాలు రాస్తున్నది ఆపారు.

గడియారంలో నాలుగూ యాభై ఎనిమిది. బాలసుబ్రమణ్యం గారు ఆ సంతకాన్ని, ముద్రను, వెనక ఉన్న 611ను చూశారు. చించిన కవరు తీసుకోకూడదని రూలుందట. చించినవాళ్లే ఒప్పుకుని సీలేసి పంపిన కవరు తీసుకోకూడదని మాత్రం లేదట. నాడా విప్పారు. మహిత పేరు ఎదుట ఖాళీగా ఉన్న గడిలో నాలుగు అంకె వేసి, పక్కన పొట్టి సంతకం చేశారు.

మహిత బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. కాసేపటికి ఆమెకు నవ్వో ఏడుపో తెలియనిది వచ్చింది.

"అది సరే నాయనా, నేను ఆన్‌లైన్ అని కూడా అన్నా కదా. అప్పుడన్నా అనుమానం రాలేదా?"

"దాంతోనే కదమ్మా నమ్మింది" అన్నాడు గంగాధరం. "లైనుమాను ఎప్పుడూ అనేది అదే కదా, లైను ఆన్ అని. నువ్వు పలమనేర్లో ఆన్‌లైన్ సదువుతాండానంటే, మన ఊర్లో కరెంటు నిలవదు, ఆడ లైను ఆన్‌లో ఉంటాది, అందుకని పొయ్యి సదువుతాండావనుకున్నా. ఈపొద్దు ఆన్‌లైన్ అనంగానే, మనకీ లైను వచ్చేసినాదనుకున్నా."

గుమాస్తాలు బల్లల మీద పడి నవ్వారు. బాలసుబ్రమణ్యం గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. గుమ్మంలో చెంగల్రాయుడు ఒక్కడే నవ్వలేదు. అందరినీ వరసగా చూసి, గది నాలుగు మూలలూ వెతికి, చివరికి నా భుజం తట్టాడు.

"ఐవోరా, ట్రాన్స్‌ఫార్మర్ యాడుండాది? గుమ్మడికాయ యాడ కొట్టాల?"

అప్పుడు మహిత అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, గుమ్మడికాయ పక్కన పెట్టించి, పొద్దున పదిన్నర నుంచి జరిగిందంతా మొదలుపెట్టి చెప్పింది. అతని రెండు చెవులూ బాగానే ఉన్నాయి. అయినా ప్రతి మాటా రెండుసార్లు చెప్పింది.