తగ్గినవాడే కేకు తేవాలి

బిర్గెర్ మోకాలు అరిగిపోయింది. ఎనిమిది కిలోలు తగ్గితేనే ఆపరేషన్ అని డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. అడవిలో పుట్టగొడుగులు ఏరుకోవడం తప్ప వేరే సరదా ఎరగని మనిషి. రెండేళ్లుగా అడవిని కిటికీలోంచి చూసి సరిపెట్టుకుంటున్నాడు.

ఆ గోడు తను పనిచేసే పార్కుల ఆఫీసులో వెళ్లబోసుకోవడమే అతను చేసిన తప్పు. స్వీడన్‌లో ఒకడి కష్టం నలుగురికి తెలిస్తే కమిటీ పుట్టకుండా ఉంటుందా? బరువు తగ్గే కమిటీ ఒకటి పెట్టి, పక్కబల్ల గున్వోర్ దానికి అధ్యక్షురాలైపోయింది. ప్రతి గురువారం మధ్యాహ్నం కాఫీ వేళ అందరూ బరువు చూసుకోవాలంది. ఆ ఆఫీసులో ఎవరికి ఏ మంచి జరిగినా వాళ్లే అందరికీ కేకు తేవడం తాతలనాటి ఆచారం. బరువు తగ్గడం మాత్రం మంచి కాదూ?

మొదటివారం లెన్నార్ట్ అరకిలో తగ్గి మీగడ కేకు తెచ్చాడు. అది తిని మిగతావాళ్లు పెరిగారు. పెరిగింది దించుకున్నవాళ్లు పైవారం ఆపిల్ కేకు తెచ్చారు. ఇలా ఆ కమిటీ కేకుల మీద దివ్యంగా నడిచింది.

"డాక్టరు తగ్గమన్నాడు తల్లీ," అని బిర్గెర్ పళ్లెం వెనక్కి నెట్టాడు.

"అందుకేగా ఈ కమిటీ! పాపం లెన్నార్ట్ పొద్దున్నే లేచి చేశాడయ్యా, తిను!" అంది గున్వోర్.

సలహాలకు కొదవ లేదు. ఒకరు ఉత్త మాంసమే తినమన్నారు, ఒకరు మంచునీళ్లలో మునగమన్నారు. చెప్పే ప్రతి మూతికీ మీగడే.

బిర్గెర్‌కి ఒళ్లు మండింది. ఎవరికీ చెప్పకుండా రోజూ పొద్దున ఆరింటికి ఊరి ఈతకొలనుకు వెళ్లి, గుండెలోతు నీళ్లలో గంటసేపు అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. నీళ్లలో మోకాలు నొప్పెట్టలేదు. గురువారం అందర్నీ కబుర్లలో పెట్టి తన ముక్కను లెన్నార్ట్ పళ్లెంలోకి తోసేసేవాడు. తగ్గాడని తెలిస్తే కేకు తేవాలి, తొలిముక్క తనే తినాలి. అందుకని కోటు జేబుల్లో ఇనపముక్కలు వేసుకుని తూకం ఎక్కేవాడు. తగ్గేకొద్దీ ఇనుము పెంచాడు.

తొమ్మిదో కిలో దగ్గర జేబు చిరిగింది. తోటపని కత్తెరలు, మేకులు ఖంగుమని నేలమీద పడ్డాయి. రోజూ పొద్దున ఈతకొలనులో నడుస్తున్న సంగతి ఒప్పుకోక తప్పలేదు.

"ఇన్నాళ్లూ మమ్మల్ని వెర్రివాళ్లని చేశావన్నమాట!" అంది గున్వోర్. "తొమ్మిది కిలోలు తగ్గి ఒక్క కేకూ తేలేదా? మనిషివేనా?"

ఆ రోజంతా అతనితో ఎవరూ మాట్లాడలేదు. ఆపరేషన్ ఖాయమన్న సంతోషం కూడా అతనికి చేదెక్కింది.

మర్నాడు పొద్దున కొలనులో గున్వోర్ ఉంది. తలకు రబ్బరు టోపీ పెట్టుకుని, మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడింది.

"డాక్టరు నాకు షుగరని చెప్పి ఏడాదైంది. ఒక్కదాన్నే తగ్గాలంటే సిగ్గేసిందయ్యా. నీ మోకాలి వంక పెట్టి ఆ కమిటీ నాకోసమే పెట్టుకున్నా," అంది నీళ్లవైపు చూస్తూ. "నువ్వేమో ఒక్కడివే వచ్చేశావు."

బిర్గెర్‌కి ఆమె మీద జాలేసింది, తన మీద తనకు సిగ్గేసింది. చెయ్యి చాపాడు. ఆమె కమ్మీ వదిలింది.