పసుపు గీతకు పైన

“గాలీ గాలీ ఎత్తుకుపో,
మబ్బుల మీద కూర్చోబెట్టు...”

ఆ తర్వాతి ముక్క గుర్తులేదు. చిన్నప్పుడు ఉయ్యాల ఊపుతూ పాడేవాళ్ళం. చివర్లో గాలిని ఏదో బతిమాలుకునేవాళ్ళం.

రోజూ ఎనిమిదింటికల్లా మనవరాలూ నేనూ గాలిగొట్టం దగ్గర ఉంటాం. మూడంతస్తుల గాజు గొట్టం. అడుగున వల, వల కిందనుంచి హోరుమని గాలి. విమానంలోంచి దూకేవాళ్ళు ముందు ఇక్కడే తేలడం నేర్చుకుంటారు. వాళ్ళ సూట్లు మోకాళ్ళ దగ్గర చిరిగితే అతుకులు వేసేది నేను.

మోటారు వెయ్యగానే పైన, గాజు మీద గీసిన పసుపు గీత దాటాక, నా కూతురు తలకిందులుగా తేలుతూ కనబడుతుంది. ఒకప్పుడు ఇక్కడే నేర్పేది. రెండేళ్ళ కిందట ఆకాశంలోంచి దూకి, ప్రాణాలతో నేలకు చేరలేదు. మోటారు నడిపే ఆయన రోజూ బోర్డు మీద నా కూతురి వంతుగా “ఎనిమిది, మేడమ్” అని రాసి, ఐదు నిమిషాలు ఉత్త గొట్టంలో గాలి తిప్పుతాడు. ఆ తర్వాతే మిగతావాళ్ళు.

మనవరాలు వెల్లకిలా తేలడం, కూర్చుని తేలడం, నిలబడి తేలడం నేర్చేసింది. తలకిందులుగానే కుదరడం లేదు. దానికి కావలసిందేమో అదే.

“నిలబడి చూస్తే అమ్మ గడ్డం పైన, కళ్ళు కింద అమ్మమ్మా. ముఖం మర్చిపోతున్నా.”

“ఫోటోలున్నాయి కదే.”

“ఫోటో నన్ను చూడదుగా.”

సూదిలో దారం ఎక్కించుకున్నాను.

ముక్కు చూసి పిల్లలు గద్ద మాస్టారని పిలుచుకునే మాస్టారు రోజూ చెప్పిందే చెప్పేవాడు. “తలకిందులైనప్పుడు కాళ్ళు విప్పితే లేస్తావ్, చాపి దగ్గరకు చేరిస్తే దిగుతావ్. గీత దాటావో, నేనందుకోలేను. నీ ప్రాణాలన్నీ కాళ్ళలోనే ఉన్నాయి.”

“మీవి ముక్కులోనా మాస్టారూ?”

“ముందు హెల్మెట్ పెట్టుకోవే తల్లీ!”

నెల్లాళ్ళు గాజుకేసి తల కొట్టుకుంది.

ఓ గురువారం నిలిచింది. తలకిందులుగా, గునపంలా తిన్నగా. మెల్లగా కాళ్ళు విప్పింది. లేచింది. ఆ హోరులో మాటలు వినబడవు, వేళ్ళే మాటలు. కింద మాస్టారు రెండు వేళ్ళు చాపి చూపిస్తూనే ఉన్నాడు, కాళ్ళు చాపి దిగమని. అది చూడలేదు. గీత దాటింది. గాలి ఆపేస్తే అంత ఎత్తునుంచి తలమీద పడుతుంది. మోటారాయన మీట మీద చెయ్యి వేసి, కదపకుండా పైకే చూస్తున్నాడు.

పైన తల్లీ బిడ్డా ముఖాముఖి. పిల్ల చేతులు చాచింది. కాళ్ళు ఇంకాస్త విప్పింది. ఇక రాదనుకున్నాను. కుడుతున్న సూది వేల్లోకి దిగినా తెలియలేదు.

నా కూతురు చెయ్యెత్తింది. రెండు వేళ్ళు చాపింది.

పిల్ల అడ్డంగా తలూపింది.

మళ్ళీ చాపింది. మొండి పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు చూపించేదే, అలా, గట్టిగా.

పిల్ల కాళ్ళు కొంచెం కొంచెంగా దగ్గరయ్యాయి. జారుతూ వచ్చింది. మాస్టారు నడుం పట్టి వల మీదికి దించాడు. బయటికొచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని, “నన్ను చూసింది అమ్మమ్మా” అంది.

మర్నాడు మోటారు వేస్తే పైన ఎవరూ లేరు. బోర్డు మీద ఎనిమిది మాత్రం ఎవరూ తుడవలేదు.

ఆఖరిసారి దూకడానికి వెళ్తూ గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న నా కూతురితో, ముందురోజు తల్లీ బిడ్డా పోట్లాడుకున్నారు కదా, పిల్లను లేపనా అన్నాను.

“వద్దులేమ్మా, పడుకోనీ. దిగాక నేనే మాట్లాడతాను దానితో.”